బూట్‌లోడర్‌కి లాక్ వెయ్యని నాలుగు నెలలు

నా ఫోన్ బూట్‌లోడర్‌కి మళ్లీ లాక్ వెయ్యడం నాకు వచ్చు. నాలుగు నెలలు కావాలనే వెయ్యలేదు. డైరీలో రాసుకున్నానే గాని ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఫోన్ ఆన్ చెయ్యగానే ముందు పనిచేసేది బూట్‌లోడర్. లోపలున్నది కంపెనీ సాఫ్ట్‌వేరేనా అని చూశాకే ఫోన్‌ని లేవనిస్తుంది. నా పాత ఫోన్‌కి అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. లాక్‌డౌన్‌లో ఏమీ తోచక ఆ లాక్ తీసి, వేరే సిస్టమ్ ఎక్కించాను. ఫోన్ పరుగులు పెట్టింది. సరిగ్గా అప్పుడే, ఐర్లండ్‌లోని షానన్‌లో నేను పనిచేసే మెడికల్ పరికరాల ఫ్యాక్టరీ ఒక యాప్ పెట్టింది. జ్వరం, దగ్గు లేవని రోజూ అందులో నొక్కితేనే గేటు తెరుచుకుంటుంది. లాక్ తీసిన ఫోన్లో ఆ యాప్ రానే రాదు.

అందుకని నాకొక్కదానికే పేపర్ ఫారం. ఇచ్చేది అరవయ్యేళ్ల ఐరిష్ సెక్యూరిటీ ఆవిడ. నేను నింపేలోపు, తను చదువుతున్న డిటెక్టివ్ నవల్లో కొత్తగా ఎవరు చచ్చారో చెప్పేది.

"వంటమనిషి పోయింది. నాకు డాక్టర్ మీదే అనుమానం."

"డాక్టర్ కాదేమో" అన్నానొక రోజు. క్యాంటీన్లో ఉప్పు అడగడానికి కూడా నోరు రాని దాన్ని. ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను.

పక్క ఊరు ఎన్నిస్‌లో నాతో ఇల్లు పంచుకునే వరంగల్ అక్క ఊరుకునేది కాదు.

"ఒక్క కాయితం కోసం ముందు బస్సుకు ఉరుకుతవ్. ఆ ఫోన్ మంచిగ చేస్కోరాదే?"

"రిస్క్ అక్కా. తేడా వస్తే ఫోన్ ఇక లేవదు."

అది నిజమే. సగం నిజం.

ఒక శుక్రవారం సెక్యూరిటీ ఆవిడే చెప్పింది, సోమవారం నుంచి పేపర్ ఉండదని. యాప్ లేకపోతే లోపలికి పంపరు.

శనివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. లాక్ వేస్తే ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందు ఫోటోలన్నీ లాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. తర్వాత సరిగ్గా ఈ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కించాను. అది లేకుండా, బయటి సిస్టమ్ మీదే లాక్ వేస్తే ఫోన్ రాయిలా పడుంటుంది. చివరికి లాక్ కమాండ్ కొట్టాను. తెర నల్లగా ఉండిపోయింది. అక్క టీ గరిట పట్టుకుని నిలబడింది.

"బతికిందా, చచ్చిందా?"

అప్పుడే తెర మీద కంపెనీ గుర్తు వెలిగింది.

"బతికిందక్కా. మళ్లీ ముసలిదైపోయింది."

సోమవారం యాప్ పచ్చగా వెలిగింది, గేటు తెరుచుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లాను.

"ఇవాళ ఫారం అక్కర్లేదు. ఊరికే వచ్చాను" అన్నాను. బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే మనసులో అనుకుంటూ వచ్చాను.

మాస్కు పైన ఆవిడ కళ్లు నవ్వుతో చిన్నవయ్యాయి.

"గ్రాండ్, చాలా బాగుంది. నేనుండేదీ ఎన్నిస్‌లోనే. ఆదివారం పదకొండుకి నది ఒడ్డున నడుస్తాను, వాన పడ్డా సరే. నువ్వూ రా."