నేను పట్టుకున్న నిచ్చెన

మా పక్కింటి మగ్గం మామ పోయి పదహారు రోజులైంది. ధర్మవరంలో మా వీధివాళ్లంతా "ఆయుష్షు తీరింది, ఎవరేం చేస్తారు" అంటున్నారు. నాకు మాత్రం ఆ మాట గొంతు దిగడం లేదు. ఆయన చనిపోయింది మా ఇంటి సెప్టిక్ ట్యాంకులో. దిగమని అడిగింది నేనే.

మామ అంటే చుట్టరికం కాదు. నేను పుట్టినప్పటి నుంచి పక్కిల్లు, అంతే. నలభై ఏళ్లు గుంత మగ్గం మీద పట్టుచీరలు నేశాడు. పొద్దున గుంతలోకి కాళ్లు పెట్టే ముందు దాని అంచును వేళ్లతో తాకి కళ్లకద్దుకునేవాడు. పట్టపగలు మగ్గం చప్పుడు ఆగిందంటే వీధిలో ఎవరింట్లోనో ఏదో చెడిందని అర్థం. కుళాయో, ఫ్యూజో, తలుపు గొళ్లెమో. పిలిస్తే రాకుండా ఉండడం ఆయనకు చేతకాదు. చిన్నప్పుడు నా సైకిలు చైను ఊడినప్పుడల్లా, "ఏమబ్బా, నువ్వు తొక్కేది సైకిలా, నా మగ్గమా?" అని ఎగతాళి చేస్తూనే ఎక్కించేవాడు.

మా పాప నామకరణానికి ముందురోజు మరుగుదొడ్డి పొంగింది. ట్యాంకు ఖాళీ చేసే లారీవాడికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం వస్తానన్నాడు. హిందూపురం నుంచి మా ఆవిడ తరఫువాళ్లు దిగేదీ అప్పుడే. వాళ్ల ముందు ఆ లారీ, ఆ గొట్టం, ఆ కంపు! పరువు పోతుందనిపించి వద్దని చెప్పేశాను. నా పరువు అంత గొప్పది మరి. గోడ మీద నుంచి మామను పిలిచాను.

"లోపల గొట్టానికి ఏదో అడ్డం పడినట్టుండాది మామా. కొంచెం చూస్తావా?"

"చూస్తే పోలా," అంటూ తన నిచ్చెన తెచ్చాడు. పాపను చూడడానికి ఆయన వెనకే ఆయన భార్య, అత్త కూడా వచ్చింది. మూత తీసి అరగంట వదిలేశాం. వాసన తగ్గింది.

"గాలి పోయింటాది లేబ్బా. గుంతలో కూర్చోని బతికినోణ్ణి, నాకు గుంత కొత్తా?" అన్నాడు. దిగే ముందు అలవాటుగా ట్యాంకు అంచును తాకి కళ్లకద్దుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే నిచ్చెన పట్టుకున్నాను.

నాలుగు మెట్లు దిగాడు. "అబ్బా" అని కూడా అనలేదు, చేతులు వదిలేశాడు. నేను నిచ్చెన మీద కాలు పెట్టాను. అత్త వెనక నుంచి నా చొక్కా పట్టి లాగింది. "నువ్వూ పోతాండావా? ఇంట్లో పసిబిడ్డ ఉండాది!" అని అరిచింది. తన మనిషి లోపలుంటే నన్ను ఆపింది.

ఫైరింజనువాళ్లు ముఖాలకు మాస్కులు, వీపున గాలి సిలిండర్లు పెట్టుకుని ఆయనను పైకి తెచ్చారు. వాళ్లలో పెద్దాయన కోప్పడలేదు, అలసటగా అన్నాడు: "వాసన లేకపోతే విషం లేదని కాదప్పా. మూత తీసి ఎంతసేపు పెట్టినా అంతే. మనిషి దిగకూడదు. ఒకరు పడితే ఇంకొకరు అసలే దిగకూడదు. లారీని పిలుచుకోవాల."

పిలిచి వద్దన్నానని ఆయనకు చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. చుట్టాలు ముక్కు మూసుకుంటే మూసుకోనివ్వండి, లారీని రానివ్వండి.

నిన్న నిచ్చెన తిరిగివ్వడానికి వెళ్లాను. అత్త మగ్గం పక్కన కూర్చుని ఉంది. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆడ గోడకు ఆనించప్పా," అంది. నేను ఆనించాక, "ఆ మూత గట్టిగా వేసినావా? పిల్లోళ్లు ఆడుకుంటాండారు."

"వేసినా అత్తా. తాళం కూడా పెట్టినా."

మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. అత్త కొంగుతో గుంత అంచున దుమ్ము తుడుస్తూ వచ్చి, ఆయన వేళ్లు రోజూ తాకి నున్నబడిన చోట చెయ్యి ఆపింది.