ఆదివారం చదివిన ఏడు అధ్యాయాలు

మా అక్కకు చదువు రాదు. తరిగొప్పుల దగ్గరి పల్లెలో మేం పెరిగేటప్పుడు ఇద్దర్నీ బడికి పంపే స్తోమత ఇంట్లో లేకపోయింది. అక్క పత్తి చేనుకు పోయింది, నేను బడికి పోయాను. తర్వాత ఆమెకు మహబూబాబాద్ పక్క ఊళ్లో పెళ్లయింది, నాకు టేకుమట్లలో టీచరు ఉద్యోగం వచ్చింది. అక్క బైబిలు వినాలంటే నా గొంతే దిక్కు. రోజూ పొద్దున ఐదున్నరకు ఫోన్ చేసి, సంఘంలో ఇచ్చిన పట్టిక ప్రకారం ఒక అధ్యాయం చదివేదాన్ని. చదివాక మా సంఘాల్లో అందరూ అడిగేదే నేనూ అడిగేదాన్ని: "ప్రార్థన మనవి ఏమన్న ఉన్నదా అక్కా?" బాధ ఏదైనా ఉంటే చెప్పుకుంటారు, దాని కోసం ప్రార్థన చేస్తాం.

అక్క మనవులు నాకు నవ్వు తెప్పించేవి. బర్రె పాలిస్తలేదనేది. కోడలు మూతి ముడుచుకున్నదనేది. ఒకసారి మిరపకు పురుగు పట్టిందని పావుగంట చెప్పింది.

"దేవునికి మీ మిరప చేను కావలి తప్ప వేరే పని లేదా అక్కా?" అన్నాను.

"నీకంటే బడి ఉన్నది. ఆయనకేం పనే?" అంది.

ఇల్లు భూపాలపల్లికి మార్చాక పొద్దున్నే బస్సు అందుకోవాల్సి వచ్చింది. మిరప పురుగు కథలకు టైము ఎక్కడిది? నాకో తెలివి పుట్టింది. ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఏడు అధ్యాయాలు ఒక్క ఊపున ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకుని, రోజుకొకటి అక్క కోడలి ఫోన్‌కు పంపడం మొదలుపెట్టాను. చివర్లో అలవాటు కొద్దీ అదే ప్రశ్న, వెంటనే చిన్న ప్రార్థన, ఆమెన్. అక్కకు మాత్రం "ఇగ కోడలి ఫోన్ల వస్త, విను" అని చెప్పి ఊరుకున్నాను. "సరే తియ్యి" అంది.

బడిలో రోజుకో పేజీ రాయాల్సిన కాపీని ఆదివారం సాయంత్రమే వారానికి సరిపడా గీకి, తేదీలు మార్చి తెచ్చే పిల్లలుంటారు. సిరా చూసి ఇట్టే పట్టేస్తాను. వాళ్లను తిట్టినంతగా నేనెవర్నీ తిట్టను. నన్ను పట్టేవాళ్లు లేరు కాబట్టి నాకు సిగ్గు రాలేదు.

ఆ నెలల్లో పట్టికలో ఉన్నవన్నీ విశ్వాసం గురించిన భాగాలే. అత్తను విడిచి పోనన్న రూతు. సింహాల గుహ అని తెలిసీ ప్రార్థన వేళ తప్పని దానియేలు. కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ ఉంటాడన్న మాటనైతే గొంతు పెంచి మరీ చదివాను. చదివి, వంకాయ కూర పొయ్యి మీద పెట్టి, మంగళవారం అధ్యాయానికి పోయాను.

మధ్యలో రెండు మూడుసార్లు ఫోన్ చేయకపోలేదు. "ఎట్లున్నవక్కా?" అంటే, "నువ్వు ప్రార్థన చేస్తున్నవ్ గద, ఏం కాదు" అనేది. భక్తురాలి మాటలే అనుకుని పెట్టేసేదాన్ని.

ఆరు నెలలకు కోడలి నుంచి ఫోన్ వచ్చింది. అత్తకు రొమ్ము మీద పుండు పడిందట, జ్వరం తగ్గడం లేదట. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. ఇన్నాళ్లూ ఏం చేశారని డాక్టరమ్మ నిలదీసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది మా పని. నాకు కోపం ఆగలేదు. బయట బెంచీ మీద కూర్చున్న అక్క మీద విరుచుకుపడ్డాను.

"నోరు లేదా నీకు? ఒక్క మాట చెప్పలేవా?"

అక్క నా ముఖంలోకి వింతగా చూసింది.

"చెప్పిన గదనే చెల్లే. నువ్వు మనవి ఏందని అడిగినప్పుడల్లా చెప్పిన. గడ్డ లెక్క చేతికి తల్గుతాంది, దవాఖానకు పోవాల్నా అని గూడ అడిగిన. ఇంట్ల మగోళ్లకు చెప్పబుద్ధి కాలే. నువ్వు ఇన్నవ్, ప్రార్థన చేస్తున్నవ్ అనుకున్న."

కోడలు తల దించుకుంది. "ఫోన్ పెట్టిచ్చి నేను బాసండ్లు తోమపోయేదాన్ని చిన్నత్తమ్మా. అత్తమ్మ ప్రార్థన చేసుకుంటుందనుకున్న."

అక్కకు తెలిసిన ఫోన్ ఒక్కటే. అవతలి మనిషి అడిగితే చెప్పాలి, చెప్తే అవతల వింటారు. ఆ ఫోన్‌లో నేను లేనని అప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు. అక్క మరో నాలుగు నెలలు బతికింది. మా ఇంటికే తెచ్చుకుని, రోజూ మంచం పక్కన కూర్చుని చదివాను. పోయే ముందు వారం నా చెయ్యి పట్టుకుని, "నీ ప్రార్థనతోనే ఇన్నొద్దులు ఉన్ననే" అంది. అప్పుడూ చెప్పలేదు. పిరికిదాన్ని.

మొన్న కోడలు ఫోన్ మార్చుకుంటూ, "మీ వాక్యాలు ఉన్నయి చిన్నత్తమ్మా, తీసేయాల్నా?" అని అడిగింది. ఒకటి పెట్టించుకుని విన్నాను. వెనక కుక్కర్ కూత. నా గొంతు గంభీరంగా చదువుతోంది. అధ్యాయం అయ్యాక, "ప్రార్థన మనవి ఏమన్న ఉన్నదా అక్కా?" అని అడిగింది. నేను ఫోన్ చెవికి ఆనించుకున్నాను. ఒక్క మాట పట్టేంత ఖాళీ కూడా లేదు. అక్క నోరు తెరిచేలోపే నేను ప్రార్థనలోకి పోయి, ఆమెన్ అనేశాను.