రెండు డిస్కులు, ఒక ఆది జాకెట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, తప్పు అనేది ఎప్పుడూ కరెంటుదో, కంపెనీదో, వాడేవాళ్లదో అయి ఉంటుందని గట్టిగా నమ్మేవాణ్ణి. అందుకే ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ రోజు దుకాణంలో ఆడవాళ్ల జాకెట్ల కొలతలన్నీ చెరిపేసింది నేనే. ఇంకెవరూ కాదు.

అది జాకెట్లు కుట్టే దుకాణం. యజమానురాలిని అందరం మేడం అనేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఎల్బీనగర్‌లో రెండో దుకాణం తెరిచాక, ఎక్కడ కొలతలిచ్చినా రెండు చోట్లా కనబడాలని ఒక సర్వర్ పెట్టించి, దాన్ని చూసుకోవడానికి నన్ను తీసుకుంది. అందులో రెండు డిస్కులు బిగించాను. ఒకదాంట్లో ఏది రాసినా రెండోదాంట్లో అదే క్షణంలో పడుతుంది. ఒకటి పోయినా రెండోది బతికే ఉంటుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు నా ముఖంలో గుండె ఆపరేషన్ చేసే డాక్టరంత గాంభీర్యం ఉండేది. "ఇగ ఆది జాకెట్లెందుకు మేడం, అరల జాగ దండుగ," అని కూడా అన్నాను. (కొలత కోసం సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి దుకాణంలో ఇచ్చి ఉంచడం మనవాళ్ల అలవాటు. దాన్నే ఆది జాకెట్టు అంటారు.) నా మాట నమ్మి ఆవిడ అరలనిండా ఉన్న జాకెట్లను ఎవరివి వాళ్లకు పంపేసింది. ఖాళీ అయిన ఆ గదిలో సర్వర్ పెట్టి, తలుపుకి 'సర్వర్‌ను ఎవరూ ముట్టరాదు' అని బోర్డు రాసి తగిలించాను. ఎర్ర అక్షరాలు, కింద రెండు గీతలు.

ఆ సర్వర్‌లో కొలతలతోపాటు నా సినిమాలు కూడా ఉండేవి. (అంత చోటు ఊరికే పడి ఉంది కదా అని.) పెళ్లిళ్ల కాలం వచ్చి డిజైన్ల ఫొటోలు పెరిగేసరికి చోటు చాలలేదు. ఒక మధ్యాహ్నం చాయ్ తాగుతూ సినిమాలు తీసేద్దామని కూర్చుని, పక్కనే ఉన్న కొలతల ఫోల్డర్‌ని కూడా కలిపి చెరిపేశాను. నిజం చెప్పాలంటే భయం వేయలేదు. ధీమాగా రెండో డిస్కు తెరిచాను. అదీ ఖాళీ. రాసింది రాసినట్టు దించుకునే డిస్కు, చెరిపింది మాత్రం ఎందుకు వదిలేస్తుంది? అద్దం ముందు మీసం గొరిగేసుకుని, అద్దంలోవాడికైనా మిగిలిందేమోనని చూసినట్టయింది నా పని. పోయినవాటిని వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపాను. వచ్చినవి నా సినిమాలే, అవీ సగం సగం.

మేడంతో డిస్కు పాడైందన్నాను. అమ్మినవాడు మంచి సరుకు ఇవ్వలేదని ఇంకో మాట కూడా కలిపాను. ఆవిడ కత్తెర పక్కన పెట్టి, ఏ కంగారూ లేకుండా, "పోతే పోయిందిలే బాబూ. రెండోది ఉందన్నావుగా, అది తియ్యి," అంది. అందులో వెటకారం లేదు, నా మాట మీద నమ్మకమే. దానికి తట్టుకోలేక సినిమాలతో సహా అంతా చెప్పేశాను. ఆవిడ లేచి, "తుర్కయంజాల్ పెళ్లికూతురి జాకెట్లు ఇంకా కత్తిరించనే లేదు. రేపు సాయంత్రానికి ఇవ్వకపోతే ఆ పిల్ల పీటల మీద ఏం వేసుకుంటుంది? బండి తియ్యి," అంది.

పెళ్లికూతుర్ని చేశాక అమ్మాయి గడప దాటకూడదు కాబట్టి మేమే వెళ్లాలి. మెడలో టేపు వేసుకుని మేడం నా బండి వెనక కూర్చుంది. సాగర్ రోడ్డు మీద ప్రతి గుంతకీ నా భుజం గట్టిగా నొక్కింది. (అది భయమో శిక్షో ఇప్పటికీ తెలియదు.) పందిట్లో కూర్చున్న పెళ్లికూతురి నాయనమ్మ సంగతంతా విని, నన్ను ఎగాదిగా చూసింది.

"కంప్యూటర్ల ఉన్నయి, మీ జాకెట్టు మీరే తీస్కపోండ్రి అన్నది గీ పిలగాడేనా?"

నేనే అన్నాను.

"మంచిగ జేసినవ్. అది అప్పుడే మసిగుడ్డ అయింది బిడ్డా. ఊకె నిలవడ్డవేంది, ఆమె లోపల కొలిచేదాంక గీ ఎల్లిపాయలు ఒలువు."

ఒలిచాను. మర్నాడు సాయంత్రానికి జాకెట్లు తుర్కయంజాల్ చేరాయి. వాటి హుక్కుల్లో కొన్ని నేను కుట్టినవే. పెళ్లిలో ఒక్కటీ ఊడలేదని తెలిసేదాకా నాకు అన్నం సహించలేదు.

ఆ తర్వాత డిస్కులు అమ్మినతని దగ్గరికి వెళ్లి, అతని సరుకు మీద వేసిన నింద చెప్పి క్షమించమన్నాను. ఆదివారాలు బాలాపూర్ నుంచి బాటసింగారం దాకా ఇల్లిల్లూ తిరిగి, మసిగుడ్డలు కాకుండా మిగిలిన ఆది జాకెట్లు అడిగి తెచ్చి, కొలతలు మళ్లీ ఎక్కించాను. విడిగా ఇంకో డిస్కులోకి అంతా దించి మేడం ఇంట్లో దాచమన్నాను. ఆవిడ దాన్ని పట్టుచీరల మధ్య, కలరా ఉండల పక్కన పెట్టుకుంది.

ఇప్పుడు వేరేచోట పెద్ద పెద్ద సర్వర్లు చూస్తున్నాను. అయినా వీలైన ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, కలరా ఉండల వాసన వేసే ఆ డిస్కులోకి కొత్త కొలతలు దించి వస్తాను. బోర్డు ఇంకా ఆ తలుపుకే ఉంది, ఎరుపు వెలిసిపోయి. ఆ గదిలోకి నేను తప్ప ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మరి పాపం, అప్పటి నేనైన ఆ కుర్రాడు ఎవరి కోసం రాశాడో అని నవ్వొచ్చింది. మొన్న వెళ్లినప్పుడు పెన్ను తీసి, ఆ రెండు గీతల కింద 'ముఖ్యంగా ఇది రాసినవాడు' అని చేర్చి వచ్చాను.