తుడిచేసిన తక్కెడ

ఒడిశా రాయగడలో దుకాణం బోర్డు ఎవరిచేత రాయించాలని అడిగితే ఒకప్పుడు ఊరంతా ఒకటే పేరు చెప్పేది, చంద్రశేఖరం. ఇప్పుడు ఆ పేరు తలచుకునేవాళ్ళు లేరు. ఆయన బతుకులో అన్నిటికంటే ఇష్టపడి చేసిన పనీ, అన్నిటికంటే పెద్ద పొరపాటూ రెండూ నా బూతులోనే జరిగాయి గనక నేను చెబుతున్నాను.

నా పేరు బాలామణి. స్టేషన్ రోడ్డులో ఎస్టీడీ బూతు నడిపేదాన్ని. ఊళ్ళో సెల్‌ఫోన్లు దిగి నా నోట్లో మట్టి కొట్టబోతున్నాయని తెలిసి, రెండు వేల మూడులో ఓ కంప్యూటర్ పెట్టి, బయట 'ఇంటర్నెట్' అని రాయించాను. రాసింది చంద్రశేఖరమే. నేనాయన్ని చిన్నాన్నా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మావాళ్ళూ, ఆయనా పార్వతీపురం వైపు నుంచే ఇక్కడికొచ్చి పడ్డారు, అంతే.

ఆయన పనికో పద్ధతి ఉండేది. నల్లరంగు వేసిన రేకు పలక మీద ముందు సుద్దతో నమూనా రాసేవాడు. పైన ఒడియా, కింద తెలుగు, చివర ఇంగ్లీషు. దుకాణందారు చూసి సరేనన్నాడా, తడిగుడ్డతో పలకంతా తుడిచేసి, ఖాళీ పలకకి దండం పెట్టేవాడు. ఇంట్లోవాళ్ళకి చూపిస్తాను, ఈ పూటకి ఉంచవయ్యా అని ఎంత బతిమాలినా ఉంచేవాడు కాదు.

"దీపం ఎట్టకముందు కొట్టు పేరు నలుగురి కళ్ళా పడకూడదమ్మీ. దిష్టి!" అనేవాడు.

బోర్డు రాశాక కూడా అంతే. పాతపంచె చుట్టి, ముసుగుతోనే గుమ్మం మీదికి ఎక్కించేవాడు. ప్రారంభం నాడు దీపం వెలిగించినప్పుడే ఆ ముసుగు తీయాలి. ఆయన బోర్డులన్నీ అలా పుట్టినవే. కుడివైపు కింద మూలన చిన్న అక్షరాలతో 'చంద్రా ఆర్ట్స్' అని ఉండేది.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. పొద్దున్న చెబితే సాయంత్రానికి వేలాడదీస్తున్నారు. దాని మీద దుకాణందారు ఫోటో, వాడి కొడుకు ఫోటో, నవ్వుతూ! ఇక చేతిరాత ఎవడిక్కావాలి? చిన్నాన్న కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టుకుని, రోజూ వచ్చి నా బూతు మెట్టు మీద కూర్చునేవాడు. టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. ఆ ఊరుకోవడం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

ఆయన కూర్చున్న చోటికి ఎదురుగా సన్యాసయ్యగారి కిరాణా కొట్టు తాళం వేసి ఉండేది. సన్యాసయ్యగారు పోయిన దగ్గర్నుంచీ అంతే. చిన్నాన్నకి మొట్టమొదటి బోర్డు ఇచ్చింది ఆ సన్యాసయ్యగారే. మీసాలు సరిగా రాని కుర్రాణ్ణి నమ్మి నిచ్చెన ఎక్కించారు. ఆ బోర్డు ఎప్పుడో వానకి పాడైపోయింది. ఆయన కొడుకులు సుందరరావు, జగ్గారావు. తండ్రి గద్దె మీద ఎవరు కూర్చోవాలని పన్నెండో రోజు భోజనాల దగ్గరే అరుచుకుని, పెద్దాయన కోరాపుట్‌లో, చిన్నాయన బోరిగుమ్మలో వేరువేరుగా వ్యాపారాలు పెట్టుకున్నారు. మాటల్లేవు. పెళ్ళిళ్ళకి వచ్చినా ఎడమొహం పెడమొహం. తాళం మాత్రం తుప్పు పడుతోంది.

"ఆ కొట్టు తెరిసి, దాని మీద నా సేత్తో బోర్డు ఎక్కితే సాలు. ఇంకేటీ అక్కర్లేదు నాకు," అనేవాడు చిన్నాన్న. ఒకసారి కాదు, కూర్చున్నప్పుడల్లా. విని విని విసిగి, ఓ రోజు నేనే ఇద్దరికీ ఫోన్లు కొట్టాను. ఇద్దరికీ తెరవాలనే ఉంది. ఉమ్మడిగా నడుపుకోడానికీ ఒప్పుకుంటారట. కానీ వాడితో నేను మాట్లాడనని పెద్దాయన, ఆయనతో నాకు మాటలేమిటని చిన్నాయన! వీళ్ళ పట్టుదల పాడుగానూ.

అప్పుడు నాకు కంప్యూటర్‌లో ఉన్న తెల్లబోర్డు గుర్తొచ్చింది. కంప్యూటర్ బిగించినతను చూపించి వెళ్ళాడు. మూడు ఊళ్ళలో ముగ్గురు ఒకేసారి నెట్‌లో కలిస్తే, ఒకరు గీసింది మిగతా ఇద్దరికీ కనబడుతుంది, వాళ్ళూ దాని మీదే గీయొచ్చు. మాట అక్కర్లేదు. అక్కర్లేదేమిటి, నెట్ కోసం వేయించిన వేరే లైను గొంతుని మోయలేక చచ్చేది. గీతలైతే నెమ్మదిగానైనా వెళ్ళేవి. కోరాపుట్‌లోనూ బోరిగుమ్మలోనూ నెట్ సెంటర్లు వచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం కూర్చోండి, బోర్డు ఎలా ఉండాలో గీసి చెప్పండి అన్నాను. మాట్లాడే పని లేదనేసరికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

చిన్నాన్నకి మౌస్ పట్టడం నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అరచెయ్యంత అక్షరాన్ని ఒక్క ఊపులో దించే మనిషి, 'స' రాస్తే నత్త పాకినట్టు వచ్చేది.

"ఇదేటమ్మీ, సబ్బుముక్క పట్టుకుని రాసినట్టుంది!"

"నువ్వు బిగించి పట్టకు సిన్నాన్నా. అది పారిపోదులే."

గీత పాడైనప్పుడల్లా ఎలా తుడవాలో అడిగేవాడు. పేజీ అంతా ఒక్కసారి పోయే మీట ఎక్కడుందో చూపించాను. అది మాత్రం ఒక్కసారికే వచ్చేసింది.

మొదటి ఆదివారాలు కొట్లాటే. చిన్నాన్న నల్లరంగులో నమూనా రాస్తే, సుందరరావు ఎర్రగీతతో 'సుందరరావు బ్రదర్స్' అని మార్చేవాడు. జగ్గారావు నీలంగీతతో దాన్ని అడ్డంగా కొట్టేసేవాడు. మధ్యలో కరెంటు పోయేది. కరెంటు వస్తే లైను పోయేది. నాకు విసుగొచ్చి మానేద్దాం అంటే, చిన్నాన్న మాత్రం, "గీతలే కదమ్మీ కొట్టుకుంటన్నాయి, మనుసులు గాదు కదా," అనేవాడు.

ఓ ఆదివారం చిన్నాన్న ఎవరినీ అడక్కుండా పైన 'సన్యాసయ్య కిరాణా' అని రాసి చేతులు కట్టుకు కూర్చున్నాడు. చాలాసేపు ఏ గీతా రాలేదు. లైను పోయిందనుకున్నాను. ఇంతలో పేరు కింద ఓ నీలంగీత అడ్డంగా కదిలింది. వణుకుతూ ఆగింది. దాని మధ్యలో చిన్న ముల్లు లేచింది. తక్కెడ కాడ! తండ్రి తూచే తక్కెడ గీస్తున్నాడు జగ్గారావు. చిన్నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి కాడకి రెండు చివర్లా ఎర్రగా గొలుసులు దిగాయి. ఒక పళ్ళెం వచ్చింది, రెండోది వచ్చింది. సరుకు పళ్ళెం కొంచెం కిందికి ఉంది. సన్యాసయ్యగారు అలాగే తూచేవారు, కొనేవాళ్ళ వైపు ఎప్పుడూ కాస్త మొగ్గు. పెద్దకొడుక్కి అది గుర్తుంది.

నీలంగా 'ఓకే' అని పడింది. పక్కనే ఎర్రగా 'ఓకే'.

చిన్నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. అంతలో ముందుగదిలో ఎవరో ఫోన్ చేసుకోడానికి వచ్చారు. అటు వెళ్ళి నంబర్ కలిపి తిరిగొచ్చేసరికి, తెర తెల్లగా ఉంది. చిన్నాన్న దానికి దండం పెడుతున్నాడు.

"బొమ్మేదీ?"

"తుడిసేసేను. ఇద్దరూ సరేనన్నారు కదమ్మీ. నాకు ఇక్కడుంది," అని నుదురు చూపించాడు.

"ఓలమ్మో! అది తుడిస్తే అందరికీ పోతుంది సిన్నాన్నా!"

"నా పలక నాను తుడుసుకున్నాను. ఆల పలకలు ఆల దగ్గరున్నాయి కదేటి?"

నేను నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. కోరాపుట్ నుంచి సుందరరావు.

"సూసేవా బాలామణీ, ఆడి బుద్ది! నాన్న తక్కెడ తుడిసీసేడు. నాను పళ్ళేలు గీసేనని ఓర్సుకోలేకపోయేడు!"

ఆయన పెట్టేశాడు, మళ్ళీ మోగింది. బోరిగుమ్మ నుంచి జగ్గారావు.

"సూసేవా అక్కా, ఆయన బుద్ది! నాన్న తక్కెడ తుడిసీసేడు. నాను ముందు గీసేనని ఓర్సుకోలేకపోయేడు!"

ఒకే తల్లి పాలు తాగారు కదా, తిట్టు కూడా ఒకటే వచ్చింది. తుడిచింది చంద్రశేఖరం బాబూ అని నేను చెబితే ఇద్దరూ వినలేదు. చిన్నాన్న ఫోన్ లాక్కుని, కోరాపుట్‌కి కూడా మళ్ళీ కలిపించి, ఇద్దరికీ తనే చెప్పాడు. తన పద్ధతీ, పలకా, దిష్టీ అన్నీ చెప్పుకున్నాడు.

"ఆడ్ని ఎనకేసుకు రాకు సెంద్రం. నువ్వు మంచోడివి, నాకు తెలుసు," అన్నాడు పెద్దాయన. జగ్గారావూ ఇంచుమించు అదే మాట అన్నాడు. మంచివాడన్న పేరు అక్కరకి రాకుండా పోవడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. తర్వాతి ఆదివారం కోరాపుట్ బస్సెక్కి వెళ్ళాడు. అటునుంచి బోరిగుమ్మ వెళ్ళాడు. ఇద్దరూ భోజనం పెట్టి పంపారు, నమ్మలేదు. ఎలా నమ్ముతారు? తోడబుట్టినవాడు చెడ్డవాడైతేనే కదా ఇన్నాళ్ళ మౌనానికి అర్థం ఉండేది.

మళ్ళీ ఎవరూ ఆ తెల్లబోర్డు ముందు కూర్చోలేదు.

చిన్నాన్న మాత్రం రేకు తెచ్చుకుని, మా బూతు వెనక నీడలో కూర్చుని ఆ బోర్డు రాశాడు. నన్ను కూడా చూడనివ్వలేదు. పంచె చుట్టి, పైన టార్పాలిన్ కప్పి తాడు బిగించి, మూసి ఉన్న కొట్టు మీదికి నిచ్చెన వేసుకుని తనే ఎక్కించాడు. అడ్డం చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

"ఎవరు రాయమన్నారని రాసేవు? ఎవరు ఎట్టమన్నారని ఎట్టేవు?" అని కసిరాను.

"ఏదో రోజు తెరుస్తారు కదమ్మీ. అప్పుడు బోర్డు నేదని ఆగిపోకూడదు."

అదే ఆయన రాసిన ఆఖరి బోర్డు. ఆ తర్వాత చూపు తగ్గింది. లారీల మీద నంబర్లు రాసే పని వస్తే వెళ్ళేవాడు. తర్వాత అదీ మానేసి మెట్టు మీదే ఉండిపోయాడు. ఎదురుగా ముసుగు వేసుకుని బోర్డు, ఇటు ముసలాయన. ఏళ్ళు అలాగే నడిచాయి. ఇద్దర్నీ రోజూ చూడలేక నాకు అలసట వచ్చేది.

రెండు వేల ఎనిమిదిలో ఆ కొట్టు అమ్ముడుపోయింది. మొబైల్ ఫోన్ల వ్యాపారం చేసే పింటు అనే ఒడియా అతను కొన్నాడు. అన్నదమ్ములిద్దరూ పొద్దున్న రిజిస్ట్రీ ఆఫీసులో ఎడంగా కూర్చుని సంతకాలు పెట్టి, తాళం ఇవ్వడానికి మధ్యాహ్నం కొట్టు దగ్గరికి వచ్చారు. అమ్మకం సంగతి చిన్నాన్నకి నేను చెప్పలేదు. ఎలా చెప్పను? ఆ పూట ఆయన ఇంకా మెట్టు మీదికి రాలేదు, అదే నయమనుకున్నాను.

పింటు మనుషులు ముసుగు బోర్డు కిందికి దించి తాడు కోశారు. పంచె తీశారు.

ఎండ చూడని రంగు. నిన్న వేసినట్టుంది. మూడు భాషల్లో సన్యాసయ్య కిరాణా. కింద తక్కెడ, నీలం కాడకి ఎర్ర పళ్ళేలు, సరుకు పళ్ళెం కొంచెం కిందికి. కుడివైపు మూలన 'చంద్రా ఆర్ట్స్' లేదు. ఆ చోట చిన్న అక్షరాలతో, 'తుడిచింది నేనే. చంద్రశేఖరం' అని ఉంది.

ముందు జగ్గారావు వంగి చదివాడు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"సెంద్రం ఆ రోజే సెప్పేడు. నానే నమ్మలేదు," అన్నాడు సుందరరావు, ఎవరితోనో తెలీకుండా.

"నాకూ సెప్పేడన్నయ్యా."

అన్నయ్యా అన్న మాట ఎన్నేళ్ళకి వచ్చిందో! పెద్దాయన గబుక్కున పింటు వైపు తిరిగాడు. "బాబూ, ఓ మాట... ఈ కొట్టు..."

"రిజిస్ట్రీ హెయిగలా కదా మౌసా. అయిపోయింది," అన్నాడు పింటు, వరస కలిపి మర్యాదగానే. అతని తప్పేముంది?

బోర్డు ఎవరు తీసుకెళ్తారని అడిగాడు. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకుని, చివరికి ఇద్దరూ చెరో కొసా పట్టుకుని రోడ్డు దాటించి నా బూతుకి తెచ్చారు. అప్పటికి చిన్నాన్న వచ్చి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గొంతులు విని గుర్తుపట్టాడు. ఇద్దరి గొంతులూ, ఒకేచోట. ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. బోర్డు మీద చేత్తో తడుముకుంటూ, "తడిగుడ్డ ఇయ్యమ్మీ, దుమ్ము పట్టింది," అన్నాడు.

గుడ్డ ఆనించబోతే అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే చెయ్యి అడ్డం పెట్టారు.

"బయపడకండి బాబూ. ఇది రంగు, పోదు," అని నవ్వి, అక్షరం అక్షరం తుడిచాడు. తక్కెడ తుడిచాడు. ఏదీ పోలేదు. తర్వాత తల ఎత్తి వాళ్ళ వైపు చూసి అడిగాడు.

"అయితే దీపం ఏ రోజు ఎడతన్నారు బాబూ?"

ఇద్దరూ నేలచూపులు చూశారు. నా నోటికి ఊరంతా భయపడుతుంది. ఆ పూట నేను లోపలికెళ్ళి నలుగురికీ టీ పెట్టాను.