నేను తగ్గించిన సెలైన్

మా ఎమ్మిగనూరులో జ్వరమొస్తే వీధి డాక్టరు ఇంటికే వచ్చి సెలైన్ పెడతాడు. బాటిలును కిటికీ చువ్వకు కట్టేసి ఆయప్ప ఇంకో ఇంటికి పోతాడు. ఆపైన పైపుకుండే చిన్న చక్రం మన చేతిలోదే. జోరుగా ఎక్కితే చలిజ్వరమొస్తాదని అందరికీ భయం. ఆ చక్రం తిప్పడంలో మా ఇంట్లో నన్ను మించినోళ్లు లేరు. ఆ పొగరే నన్ను ముంచింది.

అక్కకు పిత్తనాళంలో రాయి అడ్డంపడి కండ్లు పచ్చబడితే కర్నూలుకు పిల్చుకపోయినాం. అమ్మ పోయినాక నన్ను సాకింది అక్కే. ఆస్పత్రిలో నోట్లోంచి గొట్టం వేసి రాయి తీసినారు. "దీనివల్ల ఒక్కోసారి క్లోమం వాస్తాదమ్మా, ప్రాణం మీదికి రావొచ్చు. అది రాకుండా సెలైన్ పెట్టినాం. కడుపునొప్పి వస్తే వెంటనే చెప్పు," అన్నాడు డాక్టరు. ఎంత జోరుగా ఎక్కాలో ఆయన చెప్పలా, నేను అడగలా.

కాసేపటికి అక్క, "సలి పుడతాందే," అనింది. చూస్తే సెలైన్ ధారకట్టి పోతాంది. "వీళ్లకేమన్నా బుద్ధుందా!" అని తిట్టుకుంటా చక్రం తిప్పినా. బొట్టు బొట్టుగా పడతాంటే నా పనితనం చూసి నేనే మురిసిపోయినా.

గంట తర్వాత నర్సు వచ్చి బాటిలు చూసి కేకేసింది. "ఎవరు తగ్గించినారు? క్లోమం వాయకూడదనే కదా జోరుగా పెట్టింది! చలైతే నన్నడిగితే దుప్పటి ఇవ్వనా?"

అక్క తడుముకోకుండా, "నేనే తిప్పుకున్నా తల్లీ," అనింది.

నర్సు మళ్లీ జోరు పెంచి డాక్టరుకు ఫోన్ చేసింది. కనిపెట్టుకుని ఉండమన్నాడంట. ఇంక చూడు నా బాధ! నిమిషానికోసారి "నొప్పుందా?" అంటే "లేదే" అంటాది. నాకోసం నర్సుకే అబద్ధం చెప్పిన మనిషి, నాకు నిజం చెప్తాదని ఏం నమ్మకం? దుప్పటి కింద చెయ్యి కదిలితే చాలు, కడుపు పట్టుకునిందేమోనని ఎత్తి చూస్తాంటి. యా అల్లా, ఈ చేతులు పడిపోనీ అని ఏడ్చినా.

సాయంత్రం డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఫర్వాలేదని పోయినాడు. అక్క పండ్లు బిగబట్టి ఓర్చుకుంది అనుకున్నా. ఇంక తట్టుకోలేక నర్సుతో, "తిప్పింది నేనమ్మా," అన్నా.

"తెలుసు. పడుకున్న మనిషికి చక్రం అందదు కదా," అనింది ఆమె.

అప్పుడు మంచం మీదనుంచి అక్క, "ఆకలైతాందే," అనింది.

రంజాన్ నెలంతా రోజాలుండి కూడా ఒక్కనాడన్నా ఆకలనే మాట ఎత్తని మనిషి మా అక్క. నొప్పి లేదని అప్పుడు నమ్మినా.