మా అమ్మ భుజానికి ఐదుకు రెండు మార్కులు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. "మూడేండ్ల ముచ్చటకు ఆ రోజులంటవేందే, నీకేమన్న అరవై ఏండ్లొచ్చినయా" అంటుంది. నిజమే, మూడేళ్లే. కానీ కొన్ని కోపాలు మూడేళ్లకే ముదిరిపోతాయి. నా దగ్గర అలాంటిదొకటి ఉంది, ఇవాళ దాన్ని బయటకు తీస్తున్నాను. చదివేవాళ్లు జర ఓపిక పట్టాలి. ఇందులో నేను తిట్టబోయేది ఇద్దరిని. ఒకరికి పేరు లేదు, రెండోది నేనే.

అప్పటికి నా డిగ్రీ అయిపోయి రెండేళ్లు. సర్కారు కొలువు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ పోగొట్టుకున్నాను. ఎల్‌బీ నగర్‌లో మా కిరాయి ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌కు మెట్రోలో పోవడం, మూడు వందల మంది మధ్య మోచేతులు కడుపులోకి ముడుచుకొని కూర్చోవడం, ఏ రాజు ఏ చెరువు తవ్వించాడో రాసుకోవడం, సాయంత్రానికి మెడ పట్టేసి ఇంటికి రావడం. (ఆ చెరువులన్నీ ఇప్పుడు కాలనీలు. అది మాత్రం పరీక్షలో అడగరు.) మూడోసారి చేరమని ఇంట్లో అంటున్నప్పుడు ఆన్‌లైన్‌లో ఒక పని దొరికింది. మెషిన్‌కు తెలుగు నేర్పే పని. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, మోచేతులు బార్లా చాపుకోవచ్చు. నాయిన ఆలోచించి ఒక మాట చెప్పాడు. "మూడు నెలలు చూడు బిడ్డా. నిలబడ్డవా సరే. తీసేసిన్రా, మల్ల కోచింగ్‌కే." నేను తలూపాను. ఆ మూడు వందల మంది మధ్యకు తిరిగి వెళ్లకూడదు, అంతే. నాకు అప్పుడు లోకంలో ఇంకే కోరికా లేదు.

పని ఏమిటంటే, తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, దానికి మెషిన్ రాసిన రెండు జవాబులు వస్తాయి. ఏది మంచిదో, ఎందుకు మంచిదో నేను రాయాలి. రెండూ చెత్తగా ఉంటే అసలు జవాబు నేనే రాసి ఇవ్వాలి. పైన ఒక మూల టైమర్ తిరుగుతుంటుంది. నేను రాసినదాన్ని ఎక్కడో ఉన్న ఇంకొకరు చూసి ఐదుకు మార్కులు వేస్తారు. సగటు మూడు కంటే తగ్గితే ప్రాజెక్టు నుంచి బయటికి. ఎవరికీ పేర్లుండవు, అందరికీ నంబర్లే. నా రాతలు దిద్దే మహానుభావుడు నూటపదిహేడు. ఆడో మగో, ముసలో పడుచో, ఈ ఊరో ఏ ఊరో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో మాత్రం బాగా దగ్గరి చుట్టమైపోయాడు. పొద్దున చాయ్ ఇస్తూ అమ్మ "నూటపదిహేడు ఇయ్యాల ఏమన్నడే" అని అడిగేది.

కింద పోర్షన్‌లో ఉండే ఇంటి ఓనర్ ఆంటీ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. మాట మాత్రం ఇంకా బస్సు దిగలేదు. "ఏమ్మా, మిషన్‌కి ట్యూషన్ చెబుతున్నావంటగా? ఆ చేత్తోనే మా మనవరాలికి నాలుగు లెక్కలు చెప్పకూడదూ" అంది ఒకరోజు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి దబదబా మెట్లెక్కి వచ్చేశాను. కానీ ఆంటీ అన్నదాంట్లో తప్పేముంది? ఆ మనవరాలైతే కనీసం తప్పు చెబితే మొహం చూసి గుర్తుపట్టేది.

నూటపదిహేడు గురించి చెప్పాలి. రూల్సు అరవై పేజీలుండేవి, రోజు విడిచి రోజు మారేవి. స్నేహంగా రాయాలట, చనువుగా రాయకూడదట. ఒకసారి పప్పుచారు ఎలా పెట్టాలో రాస్తే "ఇది మెషిన్ రాసినట్టుగా ఉంది" అని రెండు వేశాడు. చదివి అరికాలి మంట నెత్తికెక్కింది. మెషిన్‌కు నేర్పుతున్నదాన్ని నేను, నన్నే మెషిన్ అంటాడా? పళ్లు నూరుకుంటూ ఇల్లంతా తిరుగుతుంటే నాయిన అడిగాడు.

"ఎవనితోని కొట్లాట?"

"నంబరుతోని నాయినా."

"మనిషి లేడా?"

"ఉన్నడు, కనబడడు."

"మరి ఎట్ల తిడ్తవు?" అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

మా నాయిన పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం నేసినవాడు. నాకు పదేళ్లప్పుడు మగ్గం అమ్మేసి పట్నం వచ్చాం. అప్పటి నుంచీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో చేనేత కౌంటర్ ఆయనదే. ఏ చీర తీసినా ముందు కొంగు చూపించడు, తిరగేసి వెనక వైపు చూపిస్తాడు. "ముందట ఎట్లున్నదో ఎనక గట్లనే ఉంటది మేడమ్. కళ్లకు సల్లగుంటది" అంటాడు. కొంగు ముందు చూపించన్నా, బేరం తొందరగా తెగుతుంది అని షాపు సేటు పదిహేనేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. నాయిన వింటూనే ఉన్నాడు.

ఇలాంటి ఇంట్లో పుట్టినదానికి ఒకరోజు తెర మీద ప్రశ్న వచ్చింది: పోచంపల్లి చీర మీద డిజైన్ ఎలా వస్తుంది? మొదటి జవాబు, తెల్లబట్ట నేసిన తర్వాత అచ్చులతో రంగులు అద్దుతారని. రెండోది, నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారని. నాకు నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటొచ్చింది కదా అని రెండోదానికి ఓటేసి, కారణం పొంగిపోతూ రాశాను. ముందు నూలును ఆసు మీద పోస్తారని, తర్వాత గుర్తులు గీసి పాత సైకిల్ ట్యూబు ముక్కలతో చిటికి కడతారని, కట్టిన చోట రంగు ఎక్కదని, ఆ తర్వాతే మగ్గమని. మరునాడు మార్కు వచ్చింది. ఐదుకు రెండు. "మొదటి జవాబు మా రిఫరెన్స్‌తో సరిపోయింది. సైకిల్ ట్యూబు ప్రస్తావన సందర్భానికి సంబంధం లేనిది."

సాయంత్రం నాయినకు చదివి వినిపించాను. తింటున్న పళ్లెం పక్కన పెట్టాడు.

"అచ్చు కొడుతరన్నడా?"

"అవును."

"మరి మీ అమ్మ భుజం ఎట్ల పోయిందట?"

ఆసు అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఒక చెక్కకు అర్ధచంద్రంగా మేకులుంటాయి. ఇవతలి మేకు నుంచి అవతలి మేకుకు, మళ్లీ ఇవతలికి, దారాన్ని చేత్తో పోసుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. మా ఊళ్లో ఆడవాళ్ల పని అది. మా అమ్మ పదమూడేళ్లు పోసింది. ఇప్పటికీ కుడి చెయ్యి ఎత్తి జడ వేసుకోలేదు. దవాఖానలో ఏం పని చేస్తారమ్మా అని అడిగితే "ఇప్పుడేం చేస్తలేను" అంటుంది.

ఆదివారం పొద్దున లేచేసరికి నాయిన సజ్జ మీద నుంచి ఆసు దించి ముందు గదిలో పెట్టాడు. "దీన్ని మల్ల దించినవా" అని అమ్మ గుడ్లురిమింది. రెండు నిమిషాలు సణిగి, కొంగు దోపుకొని, దాని ముందు తనే కూర్చుంది. "నీకు చాతగాదు తియ్యి" అని నాయినను పక్కకు జరిపింది. నేను ఫోన్ పట్టుకున్నాను. గది ఈ చివర నుంచి ఆ చివరకు దారాలే. వంటింట్లోకి దారి లేదు, పాలు పొంగి పొయ్యి మీదే మాడాయి. నీళ్ల మోటార్ గురించి అడగడానికి వచ్చిన ఓనర్ ఆంటీ గడప దగ్గరే ఆగిపోయి "ఇదేంటండీ, సాలెగూడు కట్టారా" అంది. నాయిన చిటికి కడుతూ ఫోన్ వంక చూసి చెప్పుకుంటూ పోయాడు. "అయ్యా నంబరు సారూ, జర చూడు. ఇది ట్యూబు ముక్క. సందర్భం ఉన్నదా లేదా ఇప్పుడు చెప్పు." అమ్మ ఆసు పోస్తూనే "భుజం కూడ చూపియ్యే" అంది. అందరికీ నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

నాలుగు నిమిషాల వీడియో. అప్పీలుకు జతచేసి పంపాను. (రూల్సు అరవై పేజీలూ మళ్లీ చదివి ఉండాల్సింది. కోపంలో ఉన్నవాళ్లు రూల్సు చదవరు.) రెండో రోజు జవాబు: బయటి వీడియోలు పంపడం నిషేధం, అందులో మనుషుల మొహాలు కనిపిస్తున్నాయి కాబట్టి ఇంకో నిషేధం, రిఫరెన్స్ జవాబే ప్రామాణికం. రెండు తీసి ఒకటి చేశాడు. కింద ఒక లైను: ఇంకొక్కసారి మూడు కంటే తగ్గితే మిమ్మల్ని ప్రాజెక్టు నుంచి తొలగిస్తాం.

ఒళ్లు భగ్గుమంది. నేను ఆ రోజు నూటపదిహేడును తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ పుస్తకం ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. మనిషి పదమూడేళ్లు చెయ్యి అరగదీసుకుని చేసిన పని లేదనడానికి వాడికి పట్టింది ఒక్క లైను. మొహాలు కనిపిస్తున్నాయట. కనిపించకపోతే ఎట్ల మరి, పని చేసేది మొహాలున్నవాళ్లే కదా.

ఇక్కడి దాకా నేను మంచిదాన్ని. అసలు సంగతి ఇప్పుడుంది. ఆ తర్వాతి వారమే అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి మెషిన్ రెండు జవాబులూ సగం సగం రాసింది, పూర్తి జవాబు నేనే రాయాలి. టైమర్ తిరుగుతోంది. వంటింట్లో అమ్మ ఎడమ చేత్తో పోపు వేస్తోంది. నా కళ్ల ముందు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ మూడు వందల మంది, వాళ్ల ఆరు వందల మోచేతులు. చకచకా టైపు చేశాను. "ముందుగా తెల్లని బట్ట నేసి, తర్వాత దానిపై అచ్చులతో రంగులు అద్దుతారు." రాశాక పొడిపొడిగా అనిపించింది. స్నేహంగా ఉండాలన్నారు కదా అని చివర ఇంకో ముక్క కలిపాను. "ఈ చీర ముందూ వెనకా ఒకేలా ఉండి, కళ్లకు చల్లగా ఉంటుంది." పంపేశాను. ఐదుకు ఐదు. "చాలా సహజంగా ఉంది" అని మెచ్చుకోలు కూడా.

సాయంత్రం నాయిన చెప్పులు విప్పుతూనే అడిగాడు. "గా చిటికి లెక్క ఏమాయె?"

"ఒప్పుకున్నరు నాయినా" అన్నాను.

ఆయన ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. "చూసినవా, నీ చెయ్యి చూసి ఒప్పుకున్నరు" అని అమ్మతో అంటే ఆమె "ఆ, ఒప్పుకోక ఏం జేస్తరు" అంది, కానీ ఆ రోజు నా పళ్లెంలో నెయ్యి ఎక్కువ వేసింది. నేను తలవంచుకొని తిన్నాను. ఇంత చేసి నేను కాపాడుకున్న ప్రాజెక్టు ఎన్నాళ్లుందనుకున్నారు? ఇంకో ఐదు వారాలు. ఒకరోజు పొద్దున అందరికీ ఒకే మెయిల్, ప్రాజెక్టు ముగిసింది, ధన్యవాదాలు. వారం తిరక్కుండా అదే కోచింగ్ సెంటర్, అదే బెంచీ. మూడోసారి పరీక్ష కూడా పోయింది, అది వేరే కథ. చివరికి నాయిన పనిచేసే షాపులోనే, పైఅంతస్తులో, ఆన్‌లైన్ ఆర్డర్లు చూసే పనిలో కుదురుకున్నాను.

పోయిన నెల ఒక తల్లీ కూతురూ నాయిన కౌంటర్‌కు వచ్చారు. నేను పార్సిల్ కట్టిన చీరలు పట్టుకొని మెట్లు దిగుతున్నాను. నాయిన అలవాటుగా చీర తిరగేసి వెనక చూపించాడు. కాలేజీ పిల్ల, "ఒక్క నిమిషం అంకుల్" అని ఫోన్‌ను అడిగింది. ఫోన్ తియ్యటి గొంతుతో చెప్పింది. బట్ట నేశాక అచ్చులతో రంగులద్దుతారని, ముందూ వెనకా ఒకేలా ఉంటుందని, కళ్లకు చల్లగా ఉంటుందని. నా కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి. నేనొక్కదాన్ని రాస్తేనే మెషిన్‌కు ఎక్కిందని అనను, టైమర్ ముందు నాలాగే ఎంతమంది తలూపారో. కానీ ఆ చివరి ముక్క మాది.

"మల్లొకసారి చెప్పించు బిడ్డా" అన్నాడు నాయిన. ఫోన్ మళ్లీ చెప్పింది. ఆయన చెవి దగ్గరికి పెట్టుకుని విన్నాడు.

"అచ్చు కొడితే ముందట ఎనక ఒక్క తీరు ఎట్లుంటది? చెప్పినోనికి మా మాట తెల్సు, మా పని తెల్వది" అని ఆ పిల్లతో అని, తలెత్తి నన్ను చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో, ఫోన్ ఆ పిల్ల చేతికి ఇచ్చేశాడు.

"ఒప్పుకున్నరంటివి గద."

"ఒప్పుకున్నది నేను నాయినా."

కేకలేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండేది. చీరను నా వైపు జరిపి "ఇగ నువ్వే చెప్పు" అన్నాడు. ఆ తల్లీకూతుళ్లకు ఆసు దగ్గర నుంచి చెప్పుకొచ్చాను. సైకిల్ ట్యూబు సంగతి రెండుసార్లు చెప్పాను. ఆ పిల్ల ఫోన్‌లో ఆ జవాబు తప్పని గుర్తు నొక్కి, ఎందుకు తప్పో టైపు చేసింది. "ట్యూబు సంగతి కూడా రాయమ్మా" అన్నాను. రాసింది. అది చదివేది ఏ నూటపదిహేడో నాకు తెలుసు కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

వాళ్లు వెళ్లాక నాయిన చీర మడత పెడుతూ, నా వంక చూడకుండానే అన్నాడు. "మీ అమ్మకు చెప్పకు. చెప్తే గా ఆసు మల్ల దించుతది."

చెప్పలేదు. కానీ టైమర్ ముందు మోచేతులు బార్లా చాపుకొని కూర్చున్న అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది. మరుక్షణమే, ఐదుకు ఐదు చూసుకొని మురిసిన ఆ మొహం గుర్తొచ్చి నవ్వూ వస్తుంది. ఇది అచ్చయ్యాక అమ్మ ఎలాగూ చదువుతుంది. అందుకే నిన్న సజ్జ ఎక్కి ఆసు దులిపి పెట్టాను. ఈసారి దారం నేను పోస్తాను.