గౌనుకు చున్నీ

మా తమ్ముడి కూతురు కోవూరులో డిగ్రీ చదువుతోంది. రెండేళ్లుగా దానికి జపాను అమ్మాయిల బట్టల పిచ్చి. గంటలా విచ్చుకునే గౌను, అంచులకు లేసు, తలలో అరచేతంత రిబ్బను పువ్వు. పాతికేళ్ల మనుషులు అలా బొమ్మల్లా ముస్తాబై వీధుల్లో తిరుగుతారట. "కవాయి అంటారత్తా, ముద్దుగా ఉండాదని" అని ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది. మా చర్చి పెళ్లిళ్లలో పూలబుట్టతో ముందు నడిచే పాపలు వేసుకునేది ఇదేగా అన్నాను.

"అదే. నాకు పదేండ్లు రాంగానే మాన్పించినారు. మళ్లా కావాలంటే తప్పేంది?"

ఫోను తీసుకుని ఆ బొమ్మ మళ్లీ చూశాను.

చెన్నైలో ఇలాంటి బట్టలు వేసుకునే అమ్మాయిలు ఒక ఆదివారం పార్కులో కలుస్తున్నారని తెలిసింది. ఇది వాళ్లను ఫోనులో తప్ప చూసి ఎరగదు. వెళ్లి తీరాలి, అదీ పూర్తి జతతో: గౌనూ, తలలో పువ్వూ ఒకే గుడ్డలో. జపాను నుంచి తెప్పించుకునే స్తోమత లేదు. నెల్లూరులో గులాబీ రంగు నూలు గుడ్డ కొని, మా ఇంటిల్లిపాదికీ కుట్టే టైలరు భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను.

"పాపకి ఎన్నేండ్లమ్మా?" అన్నాడాయన ఫోనులో బొమ్మ చూసి.

"ఇదిగో, ఈ పాపకే."

ఆయన దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, టేపు తీశాడు. పిల్ల పాత న్యూస్‌పేపర్లలో తనే కత్తిరించి తెచ్చిన కొలత ముక్కలు బల్ల మీద పరిచింది. లోపల నెట్టు ఎన్ని పొరలు వెయ్యాలో ఆయనతో గంటసేపు వాదించి గెలిచింది. మా వంశంలో ఆ గుణం ఎవరి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు.

శనివారం సాయంత్రం వెళ్లేసరికి గౌను సిద్ధం. బల్ల మీద పెడితే తనంతట తనే నిలబడింది. నేనే ఒకసారి తడిమి చూశాను.

"తలలో పువ్వేది భాయ్?"

"దానికి గుడ్డ యాడుండాదమ్మా? చున్నీకి పోయింది." పొట్లం విప్పి, నాలుగు వైపులా లేసు కుట్టిన పొడుగాటి చున్నీ పరిచాడు. "ఎదిగిన పిల్ల. చున్నీ లేకుండా నా షాపులోనించి ఒక్క జతా పోలేదు."

వద్దని మేమూ చెప్పలేదు. మా వైపు చున్నీ కుట్టమని గానీ వద్దని గానీ ఎవరూ విడిగా చెప్పరు. పిల్ల మొహం వాడిపోయింది. తెల్లవారితే రైలు.

"కత్తిరించి పువ్వు కుట్టెయ్యి" అన్నాను.

"ఆ లేసంతా చేత్తో కుట్టినా. కత్తెర మీరే పెట్టండి."

నేను పెట్టేదాన్నే. పిల్ల నా మణికట్టు పట్టుకుంది. "ఉండత్తా." చున్నీని సన్నగా కుచ్చులు పోసి, మధ్యలో బిగించి, జడ మొదట్లో ఆనించి అద్దంలో చూసుకుంది. రెండు రెక్కలు విచ్చుకుని, కొసలు నడుం దాకా జారాయి. "మధ్యన నాలుగు కుట్లు వెయ్యండి భాయ్. తెంపితే మళ్లా చున్నీ కావాల."

ఆయన కళ్లజోడు సర్దుకుని సూదిలో దారం ఎక్కించాడు.

మరునాడు రైల్లో ఎదుటి సీటాయన, "ఏంది మేడం, పాప డ్రామాకా?" అన్నాడు.

"కాదు. మీ చొక్కా మీద పులి ఉండాది గదా, మీరు సర్కస్‌కా?" అన్నాను. చెన్నై దాకా ఆయన కిటికీలోంచే చూశాడు.

పార్కు గేటు దగ్గర పిల్ల ఆగిపోయింది. లోపల ఎనిమిదిమంది ఉన్నారు. అందరివీ జపాను నుంచి పెట్టెల్లో వచ్చిన బట్టలని దూరం నుంచే తెలుస్తోంది. వెనక్కి వెళ్దామంటుందేమో అనుకున్నాను. గౌను దులుపుకుని నడిచింది. కాసేపటికి ఒకమ్మాయి దాని వెనక్కి వచ్చి, ఆ పువ్వు ఎక్కడ ఆర్డరు పెట్టావని అడిగింది. కొన్నది కాదన్న సంగతి దాచుకుంటుందనుకున్నాను. ఇది జడలోంచి తీసి, కుట్లు పళ్లతో తెంపి, చున్నీ బారుగా విదిల్చి భుజాన వేసుకుంది.

"మా నెల్లూరులో గౌనుకి చున్నీ ఇస్తారు" అంది, ఎప్పటి నుంచో ఉన్న పద్ధతిలాగా.

ఆ ఎనిమిదిమందీ వంతులవారీగా వేసుకుని ఫోటోలు దిగారు.